బీటిల్స్ కంటే ముందు స్టేజీ ఎక్కిన ఆ నలుగురు ఎవరు?

పాటల పోస్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కిందటి నెల పాత ఎల్పీల గురించి నాలుగు ముక్కలు రాసిన దగ్గర్నుంచి ఉత్తరాలన్నీ అటువైపే తిరిగాయి. సినిమా పాటల వాళ్లు కోపగించుకోకండి, మీ వంతు వచ్చే నెల. ఈసారి మాత్రం మొత్తం గిటార్ల గోలే.

ప్రశ్న: అన్నా, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మియాపూర్‌లో ఉంటాను. మా బావ న్యూజెర్సీ నుంచి వస్తూ ‘నగ్గెట్స్’ అని రెండు ఎల్పీల సెట్ తెచ్చిచ్చాడు. 1965 నుంచి 68 దాకా వచ్చిన అమెరికా బ్యాండ్ల పాటలు, మొత్తం 27. పని చేసుకుంటూ వెనకాల పెట్టుకున్నాను, ఒకటీ అరా తప్ప పెద్దగా చెవికెక్కలేదు. రెండో వైపు మధ్యలో ‘డోంట్ లుక్ బ్యాక్’ అనే పాట రాగానే మాత్రం లాప్‌టాప్ మూసేశాను. బ్యాండ్ పేరు ‘ద రిమైన్స్’. నెట్‌లో చూస్తే వీళ్లు బీటిల్స్‌తో టూర్ చేశారని ఉంది. బీటిల్స్‌తో తిరిగినవాళ్ల పేరు ఇన్నాళ్లూ నా చెవిన ఎందుకు పడలేదు? వీళ్లకి ఇంకేమైనా పాటలున్నాయా, ఇదొక్కటేనా? (మియాపూర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉన్నాయి తమ్ముడూ, వాటిలో కొన్ని దీనికంటే గట్టివి. ముందు మనుషుల సంగతి చెప్తాను.

1964లో బోస్టన్ యూనివర్సిటీలో నలుగురు కుర్రాళ్లు కలిశారు. పాట, గిటార్ బ్యారీ టాషియన్. బేస్ వెర్న్ మిల్లర్, కీబోర్డు బిల్ బ్రిగ్స్, డ్రమ్స్ చిప్ డమియాని. హాస్టల్‌కి దగ్గర్లోనే, కెన్‌మోర్ స్క్వేర్‌లో రాత్‌స్కెల్లర్ అని ఒక బార్ ఉంటే అందులో వాయించడం మొదలుపెట్టారు, కొన్నాళ్లకే జనం బయట వీధిలో క్యూ కట్టే దాకా వెళ్లింది. ఎపిక్ రికార్డ్స్ వాళ్లు కాంట్రాక్టు రాసుకున్నారు. ‘వై డూ ఐ క్రై’ అనే సింగిల్ బోస్టన్ చుట్టుపక్కల బాగా ఆడింది. 1965లో న్యూయార్క్‌కి మకాం మార్చారు, ఆ డిసెంబరులో టీవీలో ఎడ్ సల్లివన్ షోలో కనిపించారు. అప్పట్లో అమెరికాలో పాడేవాడికి ఆ షోని మించిన మెట్టు లేదు. ఇంత జరిగినా దేశమంతా మోగిన పాట ఒక్కటీ రాలేదు, అదే వీళ్ల ఖర్మ.

ఆ తర్వాత 1966 ఆగస్టు. బీటిల్స్ అమెరికా టూర్‌లో వీళ్లకి చోటు దొరికింది. సరిగ్గా బయలుదేరే ముందు డ్రమ్మర్ డమియాని తప్పుకున్నాడు, చూడండి. ఎన్.డి. స్మార్ట్ అనే కొత్త కుర్రాడిని పట్టుకొచ్చి, హడావిడిగా పాటలన్నీ నేర్పించి విమానం ఎక్కించారు. 12న చికాగోలో మొదలై 29న శాన్ ఫ్రాన్సిస్కోలో ముగిసిన టూర్ అది. ఏసుక్రీస్తు కంటే మేమే పాపులర్ అని లెనన్ అన్న మాట పట్టుకుని దక్షిణాది రాష్ట్రాల్లో బీటిల్స్ రికార్డులు తగలబెడుతున్న రోజులు. టెన్షన్ టెన్షన్‌గా నడిచింది. రోజూ ముందు స్టేజీ ఎక్కేది రిమైన్సే. పోనీ తమ పాటలు అవగానే దిగి వచ్చేయడమా అంటే అదీ లేదు, ఆ వేసవిలో ‘సన్నీ’ పాటతో ఊపు మీదున్న బాబీ హెబ్‌కీ, రోనెట్స్ అమ్మాయిలకీ వెనక వాయించాల్సింది కూడా వీళ్లే. ఎదురుగా స్టేడియం నిండా జనం, వాళ్లంతా వచ్చింది ఇంకెవరి కోసమో. శాన్ ఫ్రాన్సిస్కో క్యాండిల్‌స్టిక్ పార్కులో జరిగిన ఆ ఆఖరి షోనే బీటిల్స్ టికెట్ పెట్టి ఇచ్చిన చివరి కచేరీ అయింది. ఆ షోకి ముందు వాయించినవాళ్లలో మీ రిమైన్స్ ఉన్నారు.

టూర్ అయిపోయింది, బ్యాండూ అయిపోయింది. వీళ్ల ఎల్పీ ఎపిక్ వాళ్లు బజారులో పెట్టేసరికి, దాన్ని పట్టుకుని ఊరూరా తిరిగి వాయించడానికి మనుషులు లేరు. లేని బ్యాండు కోసం కంపెనీ డబ్బు ఎందుకు తగలేస్తుంది? మీ చెవిన ఎందుకు పడలేదన్నదానికి నాకు తెలిసిన జవాబు ఇదే. వాయించడం చేతకాక కాదు. సమయం కలిసిరాలేదు, అంతే.

ఇంకో తమాషా గమనించారో లేదో. మీ దగ్గరున్న అదే ఎల్పీ మొదటి వైపు ‘డర్టీ వాటర్’ అనే పాట ఉంది, స్టాండెల్స్ పాడింది. బోస్టన్ నది గురించి, బోస్టన్ నా ఊరు అంటూ సాగుతుంది. బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ సొంత గ్రౌండులో గెలిచిన ప్రతిసారీ ఇప్పటికీ అదే పాట మోగిస్తారు. ఆ స్టాండెల్స్‌ది లాస్ ఏంజలిస్! పాట రాసింది వాళ్ల ప్రొడ్యూసర్ ఎడ్ కాబ్. బోస్టన్‌కి జాతీయగీతం లాంటి పాట లాస్ ఏంజలిస్ వాళ్లది, అసలు బోస్టన్ బ్యాండేమో రెండో వైపు నాలుగో పాటగా కూర్చుని మీలాంటి వాడి కోసం ఎదురుచూస్తోంది.

ఇక ఆ పాట. రాసింది బిల్లీ వెరా, వీళ్లలో ఎవరూ కాదు. అయినా ఒకసారి వీళ్లు వాయించింది విన్నాక ఇంకెవరిదీ అనిపించదు. మీరు పని ఆపింది ఎక్కడో నేను ఊహించగలను: మధ్యలో ఉన్నట్టుండి వాయిద్యాలు తగ్గిపోతాయి, టాషియన్ పాడటం మానేసి చర్చిలో పాస్టర్ గారు ప్రసంగం అందుకున్నట్టు మాట్లాడటం మొదలుపెడతాడు, వెనక నుంచి మిగతావాళ్లు వంత పాడతారు, ఒక్కో మాటకీ బిగువు పెరుగుతూ పోయి చివరికి డ్రమ్స్ విరుచుకుపడతాయి. మొత్తం మూడు నిమిషాలు కూడా లేని పాటలో ఇంత నాటకం ఎలా పట్టించారా అని నాకు ఎప్పుడు విన్నా ఆశ్చర్యమే. ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. వెర్న్ మిల్లర్ ఎక్కడా ఖాళీగా కూర్చోడు, అలాగని ఎవరి కాళ్లకీ అడ్డం పడడు.

తర్వాత ఏం వినాలి? బ్యాండ్ పేరుతోనే ఉన్న ఆ 1966 ఎపిక్ ఆల్బం ఎలాగూ వింటారు, అందులో పాటలు కొన్ని న్యూయార్క్‌లో, కొన్ని నాష్‌విల్‌లో రికార్డు చేశారు, ‘డిడ్డీ వా డిడ్డీ’ వదలకండి. కానీ నన్నడిగితే ‘ఎ సెషన్ విత్ ద రిమైన్స్’ ముందు వినమంటాను. క్యాపిటల్ కంపెనీ వాళ్లకి వినిపించడానికి 1966లో స్టూడియోలో కూర్చుని గబగబా వాయించి పడేసిన ఆడిషన్ టేపు అది. ముప్పై ఏళ్లు బీరువాలో పడి ఉండి 1996లో సన్‌డేజ్డ్ అనే కంపెనీ ద్వారా బయటికొచ్చింది. మెరుగులు లేవు, తర్వాత అతికించిన ముక్కలు లేవు, నలుగురూ ఒకే గదిలో ఉన్నారని తెలిసిపోతుంది. ఆ బార్ బయట జనం ఎందుకు క్యూ కట్టారో ఎల్పీ వింటే సగమే అర్థమవుతుంది, ఈ టేపు వింటే పూర్తిగా అర్థమవుతుంది.

తర్వాత వీళ్లు ఏమయ్యారో కూడా చెప్పి వదిలేస్తాను, లేకపోతే మళ్లీ ఉత్తరం రాస్తారు. టాషియన్ కంట్రీ సంగీతం వైపు వెళ్లాడు. గ్రామ్ పార్సన్స్ 1973 ఆల్బం ‘జీపీ’లో గిటార్ వాయించాడు, పాడాడు, 80లలో ఎమ్మీలూ హారిస్ బ్యాండులో ఏళ్ల తరబడి ఉన్నాడు, బీటిల్స్ టూర్ మీద ఒక పుస్తకం కూడా రాశాడు. హడావిడిగా తెచ్చిన ఆ డ్రమ్మర్ స్మార్ట్ మూడేళ్లు తిరక్కుండానే మౌంటెన్ అనే బ్యాండుతో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో వాయించాడు. 1998లో పాత రిమైన్స్ మళ్లీ కలిసి స్పెయిన్‌లో వాయించారు, 2002లో కొత్త ఆల్బం కూడా వేశారు. ఈ తరం వాళ్లకి ఒక ముక్క: కేసీ మస్‌గ్రేవ్స్ ‘గోల్డెన్ అవర్’ 2019లో గ్రామీ బెస్ట్ ఆల్బం కొట్టింది కదా, దాని ప్రొడ్యూసర్లలో ఒకడైన డేనియల్ టాషియన్ ఈ బ్యారీ కొడుకే.

ప్రశ్న: గరాజ్ రాక్ అంటే కారు షెడ్డులో వాయించేదా సార్? నేను గుంటూరులో బీటెక్ చదువుతున్నాను, మా సీనియర్ ఒకడు అదే పనిగా వింటాడు. నాకైతే రికార్డింగ్ నాసిగా, పాడేవాడు అరుస్తున్నట్టుగా ఉంటుంది. అందులో ఏముందని? (గుంటూరు)

జవాబు: కారు షెడ్డులో వాయించేదే. కొందరు నిజంగా షెడ్డులోనే, కొందరు ఇంటి కింద గదిలో, రిమైన్స్ లాంటివాళ్లు హాస్టల్లో. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ ఎడ్ సల్లివన్ షోలో కనిపించారు, ఏడు కోట్ల ముప్పై లక్షల మంది చూశారని లెక్క. తెల్లారేసరికి అమెరికాలో ప్రతి ఊళ్లో నలుగురు కుర్రాళ్లు గిటార్ కావాలని ఇంట్లో పేచీ పెట్టారు. అసలు అంతకుముందే కొన్ని చోట్ల, ముఖ్యంగా వాయవ్యం వైపు, ఈ గోల ఉంది. 1963లో పోర్ట్‌లాండ్‌లో కింగ్స్‌మెన్ అనే బ్యాండు కొద్దిపాటి డాలర్లతో ‘లూయీ లూయీ’ రికార్డు చేసింది. పాడినవాడి మాటలు ఒక్కటీ అర్థం కాకపోవడంతో అందులో బూతులున్నాయని పుకారు లేచి, ఎఫ్‌బీఐ వాళ్లు నెలల తరబడి ఆ రికార్డు తిప్పి తిప్పి విన్నారు. ఏమీ తేలలేదు! ప్రభుత్వ ఖర్చుతో అంత శ్రద్ధగా విన్న పాట ప్రపంచంలో ఇంకోటి ఉండదనుకుంటా.

నాసి రికార్డింగ్ అన్నారు, నిజమే. ఊళ్లో ఉన్న చిన్న స్టూడియో, గంటకింత అద్దె, సాయంత్రానికి రెండు పాటలు అయిపోవాలి. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి. కొన్ని వందల కాపీలు కొట్టించి ఊళ్లో రేడియో స్టేషన్‌కి ఒకటి పట్టుకెళ్లి ఇస్తారు. ఆ రేడియోలో అనౌన్సర్‌కి నచ్చితే ఆ జిల్లాలో హీరోలు, పక్క జిల్లాలో ఎవరికీ తెలియదు. చదువు అయిపోతే, లేదా వియత్నాం యుద్ధానికి పిలుపు వస్తే బ్యాండు మూత. మీరు వినే అరుపులో ఆ తొందరంతా ఉంది.

కానీ ఇక్కడ మీ సీనియర్‌తో నాకూ ఒక పేచీ ఉంది. నాసిగా ఉంటేనే అసలైన గరాజ్ అని కొందరు సిద్ధాంతం చేస్తారు. అదేం కాదు. రిమైన్స్ శుభ్రంగా వాయించగలిగినవాళ్లు, పెద్ద కంపెనీలో రికార్డు చేసినవాళ్లు. న్యూజెర్సీ నికర్‌బాకర్స్ ‘లైస్’ వింటే బీటిల్సేనా అని అనుమానం వస్తుంది, అంత పకడ్బందీగా ఉంటుంది. టెక్సస్ వాళ్లు 13త్ ఫ్లోర్ ఎలివేటర్స్ అయితే కూజా మూతి దగ్గర మైకు పెట్టి నోటితో గుడగుడమనిపించి దాన్నే వాయిద్యం చేసేశారు. పరికరాలు తక్కువైతే బుర్ర వాడారు, అదీ అసలు సంగతి. మీరు ‘సైకోటిక్ రియాక్షన్’తో మొదలుపెట్టండి. శాన్ హోసే కుర్రాళ్లు కౌంట్ ఫైవ్‌ది, 1966లో అమెరికా చార్టులో అయిదో స్థానం దాకా వెళ్లింది. మధ్యలో వేగం ఉన్నట్టుండి రెట్టింపవుతుంది చూడండి, అక్కడ కూడా నచ్చకపోతే మిమ్మల్ని వదిలేస్తాను.

ప్రశ్న: మా ఫ్రెండ్ ఒకడు కంపైలేషన్ ఆల్బం కొనడం దండగ అంటాడు. ఆ పాటలన్నీ ఫోన్లో ప్లేలిస్టుగా దొరుకుతాయి కదా, డబ్బెందుకు పొయ్యాలి అని. మీరేమంటారు? (విశాఖపట్నం)

జవాబు: పాటల వరకే అయితే మీ ఫ్రెండ్ చెప్పిందే రైటు. కానీ ఆ 27 పాటలే ఎందుకు, ఆ వరసలోనే ఎందుకు అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చిన విషయం. ‘నగ్గెట్స్’ ఎలా పుట్టిందో చూడండి. ఎలెక్ట్రా కంపెనీ అధిపతి జాక్ హోల్జ్‌మన్ దగ్గర బోలెడు ఎల్పీలు, ఒక్కోదాంట్లో ఒకటో రెండో మంచి పాటలు, మిగతాది చెత్త. ఆ మంచివి ఏరి ఒక చోట పెడితే అని ఆయన ఆలోచన. ఆ పని లెన్నీ కే అనే కుర్రాడికి అప్పజెప్పాడు. లెన్నీ అప్పటికి పత్రికలకి సంగీతం మీద రాస్తూ, న్యూయార్క్ బ్లీకర్ స్ట్రీట్‌లో పాత రికార్డుల కొట్లో పనిచేస్తున్నాడు. అతనూ ఒకప్పుడు అలాంటి బ్యాండు కుర్రాడే, 1966లో లింక్ క్రామ్‌వెల్ అని మారుపేరుతో ఒక సింగిల్ వేస్తే ఎవరూ కొనలేదు. 1972లో ఈ సెట్ వచ్చింది, దీన్నీ పెద్దగా ఎవరూ కొనలేదు. 1976లో సైర్ అనే కంపెనీ మళ్లీ వేసింది, అప్పటికి కుర్రకారు గిటార్ మీద మూడే మూడు కార్డ్స్‌తో (స్వరాల కలయికలతో) మోటుగా వాయించడానికి సిద్ధంగా ఉన్నారు, ఇక ఇది వాళ్లకి పాఠ్యపుస్తకం అయిపోయింది. లెన్నీ కూడా ఆ సరికి గాయని పట్టి స్మిత్ పక్కన గిటార్ పట్టుకుని నిలబడ్డాడు.

మన దగ్గర వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఊరూరా తిరిగి చాటుపద్యాలు పోగు చేయకపోతే ఎంతమంది కవులు ఆ ఒక్క పద్యం కూడా మిగలకుండా పోయేవారో తెలుసు కదా. లెన్నీ చేసింది అలాంటి పనే. అయితే ఇందులో ఒక చిక్కూ ఉంది, అది చెప్పకపోతే మీ ఫ్రెండ్‌కి అన్యాయం. సంకలనంలో ఒక్కటే చేరితే ఆ మనిషికి అంతే తెలుసనుకుంటాం. రిమైన్స్ విషయంలో జరిగింది అదే. ‘ఎల్పీలో ఒక్క మంచి పాట’ అని హోల్జ్‌మన్ పెట్టుకున్న కొలత వాళ్లకి వర్తించదు, వాళ్ల ఎల్పీలో వదిలేయదగ్గది వెతుక్కోవాలి. అందుకని సంకలనం కొనండి, కానీ అక్కడే ఆగిపోకండి.

పైగా సెట్ లోపల పాటల వెనక కథలు చెప్పే కాగితాలు ఉంటాయి. ‘మౌల్టీ’ అనే పాటలో డ్రమ్మర్ తన కథ తానే చెప్పుకుంటాడు, ప్రమాదంలో చెయ్యి పోయి, కొక్కెం పెట్టుకుని డ్రమ్స్ వాయించిన మనిషి, ఉన్నవాడే, కల్పితం కాదు. ఆ రికార్డులో అతని వెనక వాయించింది మాత్రం అతని బ్యాండు కాదు, తర్వాత ‘ద బ్యాండ్’గా పేరు తెచ్చుకున్న హాక్స్. ఫోన్లో ప్లేలిస్టు ఇలాంటివి చెప్పదు, తర్వాతి పాటకి దూకేస్తుంది.

ప్రశ్న: ఎప్పుడు చూసినా కుర్రాళ్లు, కుర్రాళ్లు అంటారు. అమ్మాయిల బ్యాండ్లు లేవా అప్పుడు? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: భేషుగ్గా ఉన్నాయమ్మా, సంకలనాలు చేసినవాళ్లే సరిగ్గా చూడలేదు. 27 పాటల్లో అమ్మాయిలే వాయించిన బ్యాండు ఒక్కటీ లేదు. డెట్రాయిట్‌లో ప్లెజర్ సీకర్స్ అని 1964లో మొదలైంది, అందులో అక్కచెల్లెళ్లు పట్టీ, సూజీ క్వాట్రో. ఆ సూజీయే 70లలో తోలు సూటు, బేస్ గిటార్‌తో ఇంగ్లండును ఊపేసింది. నా ఓటు మాత్రం మిషిగన్‌కి చెందిన లవ్‌డ్ వన్స్‌కి. షార్ వినెడ్జ్ అనే అమ్మాయి పాటలు తనే రాసి, తనే పాడి, గిటార్‌ని బొంగురుగా, బరువుగా మోగించింది. చికాగోలో డన్‌విచ్ అనే చిన్న కంపెనీ వాళ్ల సింగిల్స్ వేసింది. ఆ మగవాళ్ల ‘నగ్గెట్స్’ సెట్లో ఉన్న షాడోస్ ఆఫ్ నైట్ రికార్డులు వేసిందీ అదే కంపెనీ. వాళ్లకి హిట్టు, వీళ్లకి సున్నా. 1999లో సన్‌డేజ్డ్ వాళ్లే వీళ్ల పాటలన్నీ ‘ట్రూత్ గాటా స్టాండ్’ అని ఒక చోట వేశారు. వినండి, విని మళ్లీ రాయండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ రైల్వే ఉద్యోగిని, సికింద్రాబాద్. మా కాలేజీ రోజుల్లో మన దేశంలోనూ ఇంగ్లీషు పాటలు వాయించే కుర్రాళ్ల బృందాలుండేవి. సిగరెట్ కంపెనీ పోటీ ఒకటి పెట్టేదని గుర్తు. అవి ఎక్కడైనా దొరుకుతాయా? (సికింద్రాబాద్)

జవాబు: మీ గుర్తు సరైనదే సార్. అది సింలా బీట్ పోటీ. ఇంపీరియల్ టొబాకో కంపెనీ వాళ్లు సింలా సిగరెట్ల ప్రచారం కోసం పెట్టారు. దేశం నలుమూలల నుంచీ బ్యాండ్లు వచ్చేవి, ఫైనల్స్ బొంబాయిలో. గుంటూరు, చీరాల వైపు పాఠకులకి ఆ కంపెనీ పొగాకు విభాగం ఐఎల్‌టీడీ గురించి వేరే చెప్పక్కర్లేదు. పొగాకు బేళ్లు చూసిన కళ్లతో ఈ ఎల్పీ అట్ట చూస్తే భలే వింతగా ఉంటుంది.

పోటీలో నెగ్గుకొచ్చిన బ్యాండ్లతో ‘సింలా బీట్ 70’, ‘సింలా బీట్ 71’ అని రెండు ఎల్పీలు వచ్చాయి. మన దేశానికి ‘నగ్గెట్స్’ అంటే అవే, కాకపోతే వీటిని తర్వాత ఎవరో వెతికి పోగు చేయలేదు, ఆ వేడిలోనే అచ్చయ్యాయి. అమెరికాలో అప్పటికి ఈ మోజు చల్లారిపోయింది, ఇక్కడేమో అప్పుడే మరుగుతోంది. కొందరు విదేశీ పాటల్నే వాయించారు, కొందరు సొంతంగా రాసుకున్నారు. సొంతవాటిలోనే పస ఉంది. కలకత్తా గ్రేట్ బేర్ ‘మిస్ట్’, షిల్లాంగ్ ఫెంటోన్స్ ‘అంటిల్ ద డాన్’, కన్ఫ్యూషన్స్ ‘వాయిస్ ఫ్రమ్ ది ఇన్నర్ సోల్’, ఈ మూడూ వెతకండి. ఒక్కో బ్యాండుకీ దక్కింది పాటో రెండో. ఆ తర్వాత చాలామంది ఉద్యోగాల్లో పడిపోయారు, మీలాగే. పాత ఎల్పీలు ఇప్పుడు వేలంలో కళ్లు తిరిగే ధర పలుకుతాయి, వాటి జోలికి పోకండి. రెండూ విదేశాల్లో మళ్లీ అచ్చయ్యాయి, ఆన్‌లైన్‌లోనూ వినొచ్చు, మనవణ్ణి అడిగితే పెట్టిస్తాడు. పెట్టించాక మీ కాలేజీ రోజుల్లో చూసిన బ్యాండ్ల పేర్లు, ఊళ్లు గుర్తున్నంత వరకు రాసి పంపండి సార్, నిజంగా అడుగుతున్నాను, ఇవి రాసిపెట్టినవాళ్లు తక్కువ.

ప్రశ్న: ‘నగ్గెట్స్’లో చాలా రకాలున్నాయి, ఏది కొనాలి? (డాలస్, టెక్సస్)

జవాబు: మొదటిసారైతే అసలు 27 పాటలదే. 1998లో రైనో వాళ్లు నాలుగు సీడీల పెట్టె వేశారు, 118 పాటలు, మొదటి సీడీ అసలు సెట్టే. అది నచ్చాక కొనేది, ముందే కొంటే మింగుడుపడదు. 2001లో వచ్చిన రెండో పెట్టె అమెరికా బయటి వాళ్లది, ఇంగ్లండుతో పాటు ఉరుగ్వే నుంచి లాస్ షేకర్స్, జపాన్ నుంచి మాప్స్, బ్రెజిల్ నుంచి ఓస్ ముటాంటెస్ అందులో ఉన్నారు. అదీ చాలకపోతే ‘పెబుల్స్’, ‘బ్యాక్ ఫ్రమ్ ద గ్రేవ్’ వరసలున్నాయి, అక్కడ బ్యాండు పేరు తప్ప ఇంకేమీ తెలియని పాటలు కూడా దొరుకుతాయి. రెండోదైతే మరీ మోటు, ఇంట్లో పసిపిల్లలుంటే సౌండు తగ్గించండి. అన్నట్టు, మీరుండే టెక్సస్ నుంచే ‘నగ్గెట్స్’లో ఎలివేటర్స్‌తో పాటు ‘మౌస్’ అనే అతని పాట కూడా ఉంది, టైలర్ ఊరివాడు. పాట మొదలవగానే బాబ్ డిలన్ అనుకుంటారు. కాదు.

ప్రశ్న: మా నాన్నగారు ఘంటసాల తప్ప ఇంకేదీ వినరు. ఇంట్లో ఒకటే టీవీ, ఒకటే స్పీకరు. ఆయన ఉన్నప్పుడు ఈ పాటల్లో ఏది పెడితే తిట్లు తప్పుతాయి? (తెనాలి)

జవాబు: కాస్టవేస్ వాళ్ల ‘లయర్, లయర్’ పెట్టు. బుల్లి ఆర్గన్, దొంగగొంతుతో సన్నటి పాట. రెండు నిమిషాలు కూడా ఉండదు, ఆయన కళ్లజోడు వెతుక్కుని, లేచి, స్విచ్ దాకా వచ్చేలోపు అయిపోతుంది.